పంది చెవి పరీక్ష

మా ముత్తాత పన్నీరు నంజుండయ్య శెట్టి గారు మైసూరు దివాణానికి పన్నీరు, సంపెంగ తైలం పంపినవారు. దసరా దర్బారులో ఆయనకు చోటు ఉండేది, అదీ నిలబడే వాళ్ళ వరసలో కాదు, కూర్చునే వాళ్ళ వరసలో. మా తాత గోపాలయ్య శెట్టి గారు బెంగళూరు చిక్‌పేటలో నడిచి వెళుతుంటే కొట్లవాళ్ళు గల్లాపెట్టెల వెనక నుంచి లేచి నిలబడేవారు. మా అసలు ఇంటిపేరు వేరే ఏదో ఉండేదట, అది మాకే గుర్తు లేదు. పేటంతా మమ్మల్ని పన్నీరు వాళ్ళని పిలిచింది, మేమూ అదే రాసుకున్నాం. ఈ సంగతులు మారతహళ్ళి మాల్‌లో క్రీములు అమ్మే అమ్మాయికి తెలియవలసిన అవసరం లేదు. మొన్న ఆమె నా దారికి అడ్డం వచ్చి, అడగకుండానే నా చేతి వెనక ఒక చుక్క వేసి రుద్దింది. "నానో సర్, స్కిన్ లోపలికి డీప్‌గా వెళ్తుంది," అంది. సంపెంగ వాసన గుప్పుమంది. "లోపలికి వెళ్ళడం ఎవరు చూశారమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి అయోమయంగా నవ్వి, "బాక్స్ మీద ఉంది సర్," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్న మనిషి, తనకు చెప్పిన మాట తను చెప్పింది. నా కోపం బాక్స్ మీద అచ్చయిన మాటల మీద. అలాంటి మాట ఒకటి అచ్చు కావడంలో నా చెయ్యి ఉంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించిన మనిషి ఒక్కరే, సరోజమ్మ గారు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు పదిమంది కూడా ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల నడిమి సంగతి. చిక్‌పేటలో మా కొట్టు మూతపడి అప్పటికి ఆరేళ్ళయింది. రసాయనశాస్త్రంలో నాకు ఎమ్మెస్సీ పట్టా ఉంది, ఉద్యోగం లేదు. బొమ్మనహళ్ళిలో సౌందర్య సాధనాలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కెమిస్టు కావాలంటే వెళ్ళి చేరాను. యజమాని మోహన్ గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్న మనిషి. లేబొరేటరీ మొత్తం సరోజమ్మ గారి చేతిలో ఉండేది. ఆమెది కబ్బన్‌పేటలో నేతపని చేసుకునే కుటుంబం. మగ్గాల మోతలో పెరిగిన మనిషి కావడంతో పక్కన నిలబడ్డ వాళ్ళతో కూడా గట్టిగా మాట్లాడేవారు. యాభైకి దగ్గర పడిన వయసు, వెడల్పాటి నుదురు, కొంగు బిగించి నడుముకు దోపిన నూలు చీర, దాని మీద తెల్లకోటు.

"ఏం పేరప్పా నీది?" అని అడిగారు మొదటి రోజు.

"పన్నీరు రంగనాథ శెట్టి."

"చిక్‌పేట పన్నీరు వాళ్ళా?"

"అవును," అన్నాను. ఒప్పుకుంటున్నాను, ఆమె లేచి నిలబడుతుందని ఎదురుచూశాను.

"మా అమ్మ పెండ్లికి మీ అంగట్లోనే పన్నీరు తెచ్చినారంట. సరే. ఆ సింకులో పన్నెండు ఫ్లాస్కులు ఉండాయి, కడుగు. కడిగినాక గాజు మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడితే జిడ్డు ఉండాదని అర్థం. అట్లాంటివి మళ్ళీ కడుగు."

కడిగాను. మూడు ఫ్లాస్కులు వెలుతురుకు ఎత్తి చూసి తిప్పి పంపారు. నేతవాళ్ళ ఆడమనిషి నా చేత ఎంగిలి గిన్నెలు తోమించినట్టు బాధపడ్డాను. ఆ సాయంత్రమే మానేద్దామనుకున్నాను. మానలేదు, ఇంకెక్కడా ఉద్యోగం లేక. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను. అప్పుడు నాకు కలిగిన ఆలోచనకే సిగ్గుపడతాను.

ఆమె పట్టుదలగా చేస్తున్న పని ఏమిటో చెప్పాలి. చర్మం మీద ఏ క్రీము పూసినా అందులోని మందు చాలావరకు పైనే ఉండిపోతుంది. బయటిదాన్ని లోపలికి రానివ్వకుండా ఉండటమే చర్మం చేసే పని. సోయా నుంచి తీసే లెసిథిన్ అనే కొవ్వును నీటితో కలిపి, ఒక పద్ధతిలో తిప్పి, కుదిపితే, అది కంటికి కనిపించనంత సన్నని బుడగలుగా మారుతుంది. వాటిని లైపోసోములంటారు. ఆ బుడగల కడుపులో అతిమధురం సారాన్ని నింపితే, అవి దాన్ని మోసుకుపోయి చర్మం పైపొరలోకి చేరుస్తాయి. మంగు మచ్చలకు అతిమధురం మంచిది. విదేశాలలో ఈ సరుకు అప్పటికే అమ్ముతున్నారు, మన దగ్గర చేసేవాళ్ళు అరుదు. అయితే చేరిందో లేదో తెలిసేదెలా? మనిషి తోలుకు బాగా దగ్గరైనది పంది చెవి తోలు. దాన్ని రెండు గాజు అరల మధ్య బిగించి, పైన క్రీము పూసి, కింద ఉప్పునీళ్ళు పోసి, ఒంటి వేడిలో ఉంచి, గంట గంటకూ ఎంత లోపలికి పోయిందో కొలుస్తారు. అలాంటి గాజు సెల్స్ ఆరు మా దగ్గర వరసగా ఉండేవి.

ఆ చెవులు తెచ్చే పని నాకు పడింది. ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగని వంశం మాది. ఫ్యాక్టరీకి రెండు వీధుల అవతల మునియప్ప అనే అతను పంది మాంసం కొట్టు నడిపేవాడు. మొదటి గురువారం పొద్దున్నే వెళ్ళి, ముక్కుకు రుమాలు కట్టుకుని, కొట్టుకు వీపు పెట్టి రోడ్డు మీద నిలబడ్డాను. అతను పొట్లం ఇచ్చాడు, తెచ్చేశాను. ఆ రోజు పరీక్షలో అరగంట తిరక్కుండానే పైన పూసిందంతా కింది నీళ్ళలో ఉంది. నేను సంతోషపడ్డాను. సరోజమ్మ గారు తోలును వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"వేడినీళ్ళలో ముంచిన చెవి తెచ్చినావు కదప్పా. బొచ్చు పీకేదానికి వాళ్ళు కాగే నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు పడినాక ఇది తోలు కాదు, జల్లెడ. దీంట్లో ఏనుగునైనా దాటించచ్చు. కోసేది చూసినావా?"

"లేదు మేడం. మేం శాకాహారులం."

"నేనూ శాకాహారినే. నిన్ను తినమన్నానా, చూడమన్నాను."

మరునాడు ఆమె స్వయంగా నాతో వచ్చారు. కొట్టు లోపలికి నడిచి, నెత్తురు నేల మీద చెప్పులతో నిలబడ్డారు. మునియప్ప కంగారుపడి, "స్వల్ప దూరం నిలబడండమ్మా, చీర మీద పడతాది," అన్నాడు. "పడితే ఉతుక్కుంటా. నువ్వు చెవి ముందు కొయ్యి, నీళ్ళు ఆమీద పొయ్యి," అన్నారామె. కోసిన చెవులు ఐసు నింపిన స్టీలు టిఫిన్ క్యారియర్‌లో వేసి నా చేతికిచ్చారు. వెనక్కి నడుస్తూ, ఎటో చూస్తూ అన్నారు: "నువ్వు చూసినదానికి నువ్వు సంతకం పెట్టు. వేరేవాళ్ళు చూసినామన్నదానికి వాళ్ళనే పెట్టుకోనీ."

ఆ తరువాత ప్రతి గురువారం వెళ్ళి, ముఖం తిప్పుకోకుండా నిలబడి, చూసి తెచ్చాను. సంగతి తెలిసి మా పెద్దమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వడం మానేసింది. నేను లెక్కచేయలేదు. చెవి మృదులాస్థి నుంచి తోలును చిరగకుండా ఒలవడం నేర్చుకున్నాను. నాలుగేళ్ళలో లేబొరేటరీలో నా చెయ్యి ఆమె చెయ్యంత నమ్మకమైనదైంది. ఆమె అనలేదు గానీ, నేను కడిగిన ఫ్లాస్కులను వెలుతురుకు ఎత్తి చూడటం మానేశారు.

లైపోసోములు సరిగా తయారైన రోజు ఇప్పటికీ కళ్ళలో ఉంది. గాజు గొట్టంలో నీళ్ళు పలచటి పొగమంచులా ఉన్నాయి. ఆమె కిటికీ వైపు ఎత్తి చూపించారు. పొగలో ఒక నీలం జీర ఉంది, సాంబ్రాణి పొగ మీద ఎండ పడితే కనిపించే రంగు.

"ఆ నీలం ఉన్నంతవరకే అవి ఉండాయి," అన్నారు. "పోయిందంటే బుడగలు పగిలినట్టే. మిషను లేకపోయినా ఇంతమాత్రం కంటికే తెలుస్తాది."

పరీక్షలో మామూలు అతిమధురం నీళ్ళ కంటే ఇది స్పష్టంగా ఎక్కువగా పైపొరలోకి చేరింది. నేను గర్వంతో, "చర్మం అట్టడుగుకు వెళుతుందని రాయవచ్చా మేడం?" అని అడిగాను. ఆమె చిరాకుపడ్డారు. "పైపొర అంటే పైపొర. అడుగుకు పోయిందని ఎవరు చెప్పినారు నీకు? ఉన్నదే గొప్పగా ఉండాది, దానికి ఇంకా తోక ఎందుకు?" రిజిస్టరులో "పైపొర" అని రాసి, కింద గీత గీశారు.

ఆ సరుకును జెల్‌గా తయారుచేశాం. రెండు చిక్కులు వచ్చాయి. జెల్ మసకగా ఉండటంతో పాడైందనుకుంటారని మోహన్ గారి బెంగ. రెండోది వాసన. లెసిథిన్‌కు పచ్చి సోయా కంపు ఉంటుంది. సరిగ్గా అప్పుడే సరోజమ్మ గారి తల్లి పోయారు. తల్లి కర్మలకని ఆమె పదమూడు రోజులు సెలవు పెట్టి కబ్బన్‌పేటలోనే ఉండిపోయారు. ఆ పదమూడు రోజులలో జరిగినదంతా నా చేతుల మీదుగా జరిగింది.

వాసన సంగతికి మా సంపెంగ తైలం ఉందని నేనే చెప్పాను. ఎవరూ అడగలేదు. నాన్నగారు ట్రంకుపెట్టెలోంచి చిన్న సీసా తీసి ఇచ్చారు. మోహన్ గారు ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "ఇదండీ రంగనాథ్ గారూ, ఇదీ క్లాసంటే. ఈ వాసన కొంటే దొరికేది కాదు," అన్నారు. మరునాడే స్వీట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చి, నాన్నగారితో గంటసేపు మాట్లాడారు. మా గుమ్మంలోకి పెద్దమనిషి వచ్చి చాలా ఏళ్ళయింది. నా ఛాతీ ఉప్పొంగింది. తైలం నీళ్ళలో కలవదు కనుక సబ్బు జాతికి చెందిన ఒక ద్రవంతో కలిపి జెల్‌లో పోశాను. నా కళ్ళముందే మసక విడిపోయింది. జెల్ గాజులా, ఊట నీళ్ళలా తేటపడింది. ఫ్యాక్టరీలో అందరూ వచ్చి చూశారు. మోహన్ గారు దాని వెనక పేపరు పెట్టి అక్షరాలు చదివి వినిపించారు. రెండు చిక్కులూ ఒక్క దెబ్బతో తీరాయి. నీలం గురించి నాకు గుర్తు రాలేదు. రాలేదో, రానివ్వలేదో, నేను చెప్పలేను.

సరోజమ్మ గారు పద్నాలుగో రోజు వచ్చారు. బల్ల మీద జెల్ సీసా చూశారు, ఎత్తలేదు. పాత లైపోసోముల నీళ్ళు ఒక గొట్టంలో తీసుకుని, నేను కలిపిన తైలం మిశ్రమం నాలుగు చుక్కలు వేసి, నా ముఖం ముందు పట్టుకున్నారు. నీలం పొగ అడుగు నుంచి పైకి కరిగి, గొట్టంలో ఉత్త నీళ్ళు మిగిలాయి.

"ఆ సబ్బు కొవ్వును కరిగిస్తాది. అంట్ల గిన్నెలో జిడ్డును కరిగించినట్టే. బుడగలు కొవ్వే కదప్పా. చెప్పు, ఇప్పుడు ఆ సీసాలో ఏముండాది?"

"అతిమధురం," అన్నాను.

"ఇంకా?"

"సంపెంగ."

"మోసేవి?"

నేను సింకు వైపు చూశాను.

"ఫ్లాస్కు కడిగిన మొదటిరోజే సబ్బు కొవ్వును ఏం చేస్తాదో చూసినావు నువ్వు," అన్నారామె. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

సువాసన తీసేయాలని ఆమె, తీస్తే సోయా కంపు ఎవరు కొంటారని మోహన్ గారు. వేరే దారి వెతకడానికి ఆమె మూడు నెలలు అడిగారు. పెళ్ళిళ్ళ కాలం దాటిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. మందు పైపొరలోకి చేరుతుందని పరీక్షలో తేలినట్టు ఒక కాగితం కావాలి, దాన్ని బట్టే బాక్స్ మీద అచ్చు వేస్తారు. ఆమె సంతకం పెట్టనన్నారు. మోహన్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"మీరు టెస్ట్ చేశారా, లేదా?"

"చేశానండీ. వాసన కలపకముందు."

"చేశారు కదా. పాసైంది కదా. సెంటు కొట్టుకుంటే మనిషి మారిపోతాడేమిటండీ? అదే ఫార్ములా." అని, అచ్చుకు పోయే నమూనా నా ముందు పెట్టారు. బంగారు రంగు అక్షరాలలో "పన్నీరు వారి సంపెంగ లైపోసోమ్ జెల్" అని ఉంది. మా కొట్టు బోర్డు దించిన రోజు తరువాత ఆ పేరు అంత పెద్ద అక్షరాలలో నేను చూడలేదు. దాని వైపు ఎంతసేపు చూశానో తెలియదు. సంతకం పెట్టాను.

తిరిగి వచ్చేసరికి సరోజమ్మ గారు కోటు విప్పి మడత పెడుతున్నారు. సంగతి ఎలా తెలిసిందో, తెలిసింది.

"దేనికి పెట్టినావు సంతకం? ఆ సీసాలో ఉండేదానికా, నా గొట్టంలో ఉండినదానికా?"

"మా పేరు మళ్ళీ బయటికి వస్తోంది మేడం. మీకు అర్థం కాదు అది."

"అవునప్పా, నాకు కాదు," అన్నారు. "మాది నేసే ఇల్లు. చీర పలచగా నేస్తే కొన్నవాళ్ళు వచ్చి మొగం మీద కొడతారు. పేరంటే మాకు అంతే తెలుసు." సంచీ తీసుకుని వెళ్ళిపోయారు. గేటు దాకా వెళ్ళి సాగనంపవలసింది. నేను కదలలేదు. ఆమె మీద కూడా నాకు కోపం ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది. నాలుగేళ్ళు చెయ్యి పట్టి నేర్పిన మనిషి, ఒక్కసారి అరచి, ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని ఉండవచ్చు కదా. లాక్కోవడం తన పని కాదనుకున్నారు. అది నిజమేనని తెలిసినా కోపం పోదు.

జెల్ బాగా అమ్ముడుపోయింది. నాన్నగారు ఒక బాక్స్ తెచ్చి పూజగదిలో పెట్టారు. రెండేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో మా చిన్నత్త నన్ను పక్కకు పిలిచింది. ఆమెకు రెండు బుగ్గల మీదా మంగు. "మన వాళ్ళదని నమ్మి కొంటా ఉండాను రంగప్పా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరికీ చెప్పకుండా పూసుకుంటా. ఏమీ పోలేదు చూడు. ఇంకా ఎన్నాళ్ళు పూయాల?" అని బుగ్గ చూపించింది. ఏం చెప్పానో గుర్తు లేదు. ఏదో అబద్ధమే చెప్పి ఉంటాను.

తరువాతి గురువారం మునియప్ప కొట్టుకు వెళ్ళి, నిలబడి, చెవులు కోయించుకుని తెచ్చాను. అంగట్లో సీలు తియ్యని బాక్స్ కొని, దానిలోని జెల్‌నే పూశాను. ఉత్త అతిమధురం నీళ్ళు ఎంత చేరాయో ఇదీ అంతే. మూడు గురువారాలు చేశాను. మూడూ ఒకటే. ఆ రిజిస్టరు తీసుకుని కబ్బన్‌పేటలో సరోజమ్మ గారి ఇంటికి వెళ్ళాను. కింద మరమగ్గాలు ఆడుతున్నాయి, మెట్లు అదురుతున్నాయి. ఆమె చిక్కిపోయారు. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివారు.

"మూడు తూర్లు చేసినావా?"

"మూడు సార్లు."

"చెవి కోసేది చూసినావా?"

"చూశాను మేడం."

"బాగా చేసినావు," అని రిజిస్టరు మూసి నా ఒళ్ళో పెట్టారు. "నాకెందుకు తెచ్చినావు దీన్ని? నేను కొనలేదు ఆ జెల్లు. కొన్నవాళ్ళకు చెప్పు, అచ్చు వేసినవాడికి చెప్పు. కాఫీ తాగి పో."

క్షమించానని ఆమె అనలేదు. నేను వెళ్ళింది ఆ మాట కోసమేనని ఆమెకు తెలుసు. కాఫీ తాగి, అక్కడి నుంచి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళి, రిజిస్టరు మోహన్ గారి బల్ల మీద తెరిచిపెట్టాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, బాక్స్ మీద లైపోసోమ్ మాట తీసేయమని, లేకపోతే మా ఇంటిపేరు తీసేయమని చెప్పాను. ఆయన శాంతంగా విన్నారు. "సంతకం పాతదండీ, అచ్చు ఎప్పుడో అయిపోయింది. ఇక పేరంటారా," అని ఆగి, "మీ నాన్నగారు మీతో చెప్పలేదా?" అన్నారు. ఆ రోజే ఉద్యోగం మానేశాను. మా చిన్నత్తకు నిజం నేనే వెళ్ళి చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

బొమ్మనహళ్ళిలోనే ఒక గార్మెంట్స్ యూనిట్ పైన గది తీసుకుని పరీక్షలు చేసి బతుకుతున్నాను. ఇప్పుడు వచ్చే ప్రతి సీసా మీదా నానో అని ఉంటుంది. తెచ్చేవాళ్ళు ముచ్చటగా చిన్న నమూనా సీసా ఇస్తారు. అది వద్దంటాను, అంగట్లో అమ్ముతున్నది సీలుతో సహా కొని తెస్తానంటాను. సగం మంది అక్కడే లేచిపోతారు. కొందరు ఫోన్ చేసి తిడతారు, నేనూ తిడతాను. మునియప్ప కొడుకు కొట్టు చూసుకుంటున్నాడు. గురువారాలు నేనే వెళ్ళి నిలబడతాను, ఎవరినీ పంపను. సరోజమ్మ గారు పోయిన సంగతి నాకు నెల తరువాత తెలిసింది. కాఫీ తాగిన రోజు తరువాత ఆ మెట్లు నేను మళ్ళీ ఎక్కలేదు. నా అభిమానమే నన్ను ఎక్కనివ్వలేదు. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోను? ఆమె రిజిస్టరులో గీత గీసిన "పైపొర" అనే మాట మాత్రం నా ప్రతి రిపోర్టులోనూ, కింద గీతతో సహా ఉంటుంది.

ఆ రిపోర్టుల మీద రంగనాథ అని మాత్రమే సంతకం చేస్తాను. సౌందర్య సాధనాలకు సంబంధించిన ఏ కాగితం మీదా పన్నీరు వారు అని రాసే హక్కు మాకు లేదు. ఆ పేరును, సంపెంగ తైలం తయారీ రాసి ఉన్న మా తాతగారి పుస్తకాన్ని కలిపి నాన్నగారు మోహన్ గారికి అమ్మేశారు. పత్రం మీది తేదీ, మోహన్ గారి గదిలో నేను సంతకం పెట్టిన రోజుకు తొమ్మిది రోజుల ముందుది.